స్టీలు గ్లాసూ, 24 డిగ్రీలూ, బేస్‌మెంట్‌లో కార్లూ

జూన్ 5 దగ్గర పడుతోందంటే మా విభాగంలో పది రోజుల ముందే హడావుడి మొదలయ్యేది. హైదరాబాదు ఐటీ కారిడార్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను తొమ్మిదేళ్లు అడ్మిన్ విభాగంలో పనిచేశాను. కుర్చీ చక్రం ఊడినా, క్యాబ్ ఆలస్యమైనా, టాయిలెట్‌లో టిష్యూ అయిపోయినా ముందుగా తిట్లు తినే విభాగం అది. ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు లాబీలో ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కట్టించేవాళ్లం. దాని మీద పచ్చటి భూగోళం, దాన్ని పట్టుకున్న రెండు అరచేతులు, కింద ప్రతిజ్ఞ. ఉద్యోగులు వరుసలో వచ్చి మార్కరుతో సంతకాలు చేసేవారు, ఫొటోలు దిగేవారు. సంతకం చేసిన ప్రతి ఒక్కరికీ నల్ల ప్లాస్టిక్ సంచిలో ఒక మొక్క, అంతసేపు నిలబడ్డారు కదా అని ఒక చిన్న నీళ్ల సీసా ఇచ్చేవాళ్లం. మొక్కల్లో సగం సాయంత్రానికి డెస్కుల మీదే మిగిలిపోయేవి, వారం తిరిగేసరికి వాడిపోయేవి, వాటిని తీసి పారేసే పని హౌస్‌కీపింగ్ వాళ్ల మీద పడేది. ఫ్లెక్సీని మాత్రం గేటు దగ్గరి వాచ్‌మన్ అడిగి తీసుకెళ్లి తన రేకుల గది కప్పు మీద పరుచుకునేవాడు. మొత్తం కార్యక్రమంలో నిజంగా మళ్లీ వాడుకున్న వస్తువు అదొక్కటే.

ఆ ఏర్పాట్లన్నీ నా చేతుల మీదుగా జరిగినవే కాబట్టి వాటిని వెక్కిరించే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కనుక ఒక మాట నిర్మొహమాటంగా రాయగలను. ఉద్యోగుల చేత పర్యావరణానికి మేలు చేసే పనులు చేయించాలనుకునే సంస్థ వాళ్లకు చెప్పవలసింది చాలా తక్కువ, వాళ్ల చుట్టూ మార్చవలసింది చాలా ఎక్కువ. ఆ మార్పు చేసే అధికారం ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టినవాడి చేతిలో ఉండదు. సంతకం పెట్టమని అడిగినవాడి చేతిలో ఉంటుంది.

వ్యక్తి తన అలవాట్లు మార్చుకోవాలన్న మాట ఈ మధ్య ప్రభుత్వం నోట కూడా గట్టిగా వినిపిస్తోంది. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో మొదలుపెట్టిన మిషన్ లైఫ్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమానికి పునాది ఆ ఆలోచనే. ఆలోచనలో తప్పు లేదు. అయితే అది కార్పొరేట్ ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి పోస్టరుగా మారిపోతుంది. లిఫ్టు పక్కన 'మెట్లు వాడండి' అని ఒక కాగితం అంటిస్తాం. ఆ మెట్ల దారి తలుపుకు భద్రత పేరుతో తాళం వేసి ఉంటుంది. మా ఆఫీసులో రెండేళ్లపాటు సరిగ్గా ఇదే పరిస్థితి. ఆ కాగితం అంటించిందీ మా విభాగమే, తాళం చెవి ఉన్నదీ మా విభాగం దగ్గరే.

కాగితం సంగతి వచ్చింది కాబట్టి స్వీడన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం గురించి చెప్పాలి. ప్రింటర్లు ఎక్కువగా వాడే ఉద్యోగుల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు పద్ధతులు ప్రయత్నించి చూశారు. మొదటిది, వీలైనంత వరకు రెండువైపులా ముద్రించి కాగితం ఆదా చేయమని మర్యాదగా విజ్ఞప్తి చేయడం. రెండోది, ఎవరినీ ఏమీ అడగకుండా ప్రింటరు తనంతట తానే రెండువైపులా ముద్రించేలా అమర్చి, ఒకవైపే కావలసినవాళ్లు ఆ సంగతి ఎంచుకునేలా వదిలేయడం. విజ్ఞప్తి వల్ల కాగితం వాడకంలో మార్పేమీ రాలేదు. అమరిక మార్చినందువల్ల 15 శాతం తగ్గింది. 2016లో అచ్చయిన ఆ పరిశోధన నా కంటబడిన రోజు మా ఐటీ విభాగంలోని ఒక కుర్రవాణ్ణి టీకి పిలిచి, మా ప్రింటర్లకూ అదే పని చేయగలవా అని అడిగాను. 'దానికేముందన్నా, పావుగంట పని' అన్నాడు. పావుగంట కాదు, మధ్యాహ్నమంతా పట్టింది, కానీ అయింది. లీగల్ వాళ్లు తప్ప ఆ మార్పును ఎవరూ గమనించను కూడా లేదు. స్టాంపు కాగితాల మీద, రిజిస్ట్రేషన్ పత్రాల మీద వాళ్లకు ఒకవైపే కావాలి, వాళ్ల ప్రింటరును పాత పద్ధతిలోకి మార్చి ఇచ్చాం. అంతకు ముందు మూడేళ్లుగా ప్రతి ప్రింటరు మీదా 'ముద్రించే ముందు ఒక చెట్టును తలచుకోండి' అన్న స్టిక్కరు ఉండేది. మూడేళ్లలో ఎంతమంది ఏ చెట్టును తలచుకున్నారో ఆ చెట్లకే తెలియాలి.

ఇంతకన్నా పెద్ద కథ ఏసీది. ఆఫీసు భవనాల కరెంటు బిల్లులో పెద్ద వాటా చల్లదనానిదే. ఏసీ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏళ్ల తరబడి చెబుతోంది. 2020 జనవరి 1 నుంచి దేశంలో తయారై అమ్ముడయ్యే గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలు కావాలన్న నిబంధన కూడా వచ్చింది. ఎవరికైనా 18 కావాలంటే మీట నొక్కి తగ్గించుకోవచ్చు, కానీ నొక్కాలి. స్వీడన్ ప్రింటరులో ఉన్న కిటుకే ఇది. అయితే టెక్ పార్కుల్లోని సెంట్రల్ ఏసీకి, గోడకు బిగించుకునే ఏసీకి ఉన్నట్టు రిమోట్ ఉండదు. భవనం పైన నీటిని చల్లబరిచే చిల్లర్లు, ప్రతి అంతస్తుకూ గాలి తోలే యంత్రాలు, వాటిని కంట్రోల్ రూమ్‌లో కూర్చుని నడిపే సాంకేతిక సిబ్బంది ఉంటారు. ఉద్యోగికి అందుబాటులో ఉండేది ఒక్కటే, ఫిర్యాదు.

మా మూడో అంతస్తులో ఏడాది పొడవునా 21 డిగ్రీలు ఉండేది. మే నెలలో, బయట రోడ్డు తారు మెత్తబడే ఎండలో, లోపల అమ్మాయిలు శాలువాలు కప్పుకుని కూర్చునేవారు. ఒకావిడ డెస్కు కింద కాళ్ల దగ్గర చిన్న హీటరు పెట్టుకున్నారని అగ్నిమాపక తనిఖీలో బయటపడి, ఆవిడకు హెచ్చరిక లేఖ పంపవలసి వచ్చింది. ఆ లేఖ టైపు చేసింది నేనే. ఒక యంత్రం కరెంటు తిని గదిని చల్లబరుస్తుంటే, ఆ చలిని తట్టుకోవడానికి ఇంకో యంత్రం కరెంటు తింటోంది, మేమేమో రెండో యంత్రం యజమానికి పర్యావరణ స్పృహ లేదని తేల్చాం. ఆఫీసు ఉష్ణోగ్రతల లెక్కలకు ఆధారమైన సూత్రంలో మనిషి శరీరం పుట్టించే వేడిని, 1960ల నాటి కొలతల ప్రకారం, 70 కిలోల బరువుండే 40 ఏళ్ల మగవాడిని ప్రమాణంగా పెట్టుకుని లెక్కించారనీ, కూర్చుని పనిచేసే ఆడవాళ్ల విషయంలో ఆ లెక్క తప్పుతుందనీ 2015లో ఇద్దరు డచ్చి శాస్త్రవేత్తలు చూపించారు. శాలువా కప్పుకున్న ప్రతి అమ్మాయీ ఆ సంగతి పరిశోధన లేకుండానే చెప్పగలదు.

సరే, ఒక సోమవారం పొద్దున అందరికీ మెయిల్ పంపాం: రేపటి నుంచి మన ఆఫీసులో 24 డిగ్రీలు, భూమాత కోసం ఈ చిన్న త్యాగం చేద్దాం. మంగళవారం పదకొండు గంటలకల్లా ఫిర్యాదులు కుప్పపడ్డాయి. వాటిలో కొన్ని, ఉష్ణోగ్రత ఇంకా మార్చని రెండో అంతస్తు నుంచి వచ్చాయి. ఉక్కపోతగా ఉందట. త్యాగం అన్న మాట వినగానే చెమట పట్టిందన్నమాట. బుధవారానికి మళ్లీ 21.

నాలుగు నెలల తర్వాత ఇంకో విధంగా మొదలుపెట్టాం. మొదట కంట్రోల్ రూమ్‌లో పనిచేసే ఒక పాత మెకానిక్‌ని వెంటబెట్టుకుని అంతస్తంతా తిరిగాను. పదో తరగతి తర్వాత ఐటీఐ చదివిన ఆయన, మా కన్సల్టెంటు నివేదిక పట్టుకోలేనిది అరగంటలో పట్టుకున్నాడు. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరు ఒక స్తంభానికి బిగించి ఉంది. ఆ స్తంభం పక్కనే, ఆఫీసు మార్పుల్లో ఎప్పుడో, జెరాక్సు యంత్రం వచ్చి చేరింది. యంత్రం వెనక నుంచి వచ్చే వేడిగాలి నేరుగా సెన్సరుకు తగులుతోంది. అది పాపం గది వేడెక్కిపోయిందనుకుని పైకి కబురు పంపుతోంది, పైనుంచి చల్లగాలి వచ్చి పడుతోంది, ఎనభై మంది వణుకుతున్నారు. జెరాక్సు యంత్రాన్ని నాలుగు గజాలు పక్కకు జరిపించాం. నడినెత్తిన గాలి కొట్టే చోట గ్రిల్లుల రెక్కలు తిప్పించాం. పడమటి అద్దాలకు తెరలు వేయించాం. ఆ తర్వాత వారానికి అర డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పోయాం. దొంగచాటుగా చేయలేదు, ఉద్యోగుల కమిటీకి చెప్పే చేశాం. కాకపోతే మెయిలు పంపలేదు, భూమాతను పిలవలేదు. 24 దాకా వచ్చేసరికి శాలువాలు తగ్గాయి, ఫిర్యాదులూ తగ్గాయి.

ఇదే విషయం ఇంకా పెద్ద కొలతలో చూడాలనుకుంటే మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. హైదరాబాదు శివార్లలో పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక భవనాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలుగా కట్టారు. ఒక భాగంలో మామూలుగా గాలిని చల్లబరిచి తోలే పద్ధతి, అది కూడా బాగా మెరుగుపరిచినదే; రెండో భాగంలో స్లాబులో పరిచిన గొట్టాల గుండా చల్లటి నీరు పారించి గదిని చల్లబరిచే పద్ధతి. రెండేళ్లు కొలిచి చూస్తే రెండో పక్కన విద్యుత్తు 34 శాతం తక్కువ ఖర్చయింది. రెండు పక్కలా కూర్చున్నది ఒకే సంస్థ మనుషులు, ఒకే రకం పని, నెత్తిన ఒకే ఎండ. ఆ 34 శాతంలో ఎవరి స్పృహా లేదు, ఎవరి త్యాగమూ లేదు. అది నక్షా గీసిన రోజునే నిర్ణయమైపోయింది. కొత్త భవనం కట్టుకునే స్తోమత అందరికీ ఉండదన్నది నిజమే. కానీ జెరాక్సు యంత్రాన్ని నాలుగు గజాలు జరిపే స్తోమత అందరికీ ఉంటుంది.

చెత్త దగ్గర నేను నేర్చుకున్న పాఠం ఇంతకన్నా సిగ్గుపడవలసినది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం చెత్తను పుట్టిన చోటే తడి, పొడి, ప్రమాదకరమైనది అని వేరుచేయవలసి ఉండేది. మేము ప్రతి పాంట్రీలోనూ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పెట్టాం, ఏది ఎందులో వేయాలో బొమ్మలు అంటించాం, రెండు నెలలు శిక్షణలు పెట్టాం. జనం మెల్లగా నేర్చుకున్నారు కూడా. ఒక రాత్రి ఏదో పని మీద ఆలస్యంగా ఉండిపోయి, హౌస్‌కీపింగ్‌లో పనిచేసే అక్క ఒకామె రెండు డబ్బాల సంచులనూ ఒకే నల్ల సంచిలోకి గుమ్మరించి ముడి వేయడం చూశాను. ఇదేమిటమ్మా అంటే ఆమె నా వంక జాలిగా చూసి, 'కింద ఒక్క బండే వస్తది సార్. మీరు పైన రెండు చేస్తరు, ఆడు కింద ఒకటి చేస్తడు. నడుమ నేనెందుకు రెండు సంచులు మొయ్యాలె?' అంది. ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. చెత్త తీసుకెళ్లే కాంట్రాక్టరుతో మేము చేసుకున్న ఒప్పందంలో వేరుగా తీసుకెళ్లాలన్న షరతే లేదు. ఉద్యోగులు రెండు నెలలు పడ్డ శ్రమంతా రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు ఒకే సంచిలో కలిసి, ఒకే బండి ఎక్కి జవహర్‌నగర్ చెత్త డంపు దారి పట్టేది.

దీనికి మందు శిక్షణ కాదు, ఒప్పంద పత్రంలో రెండు వాక్యాలు. అవి రాయించడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది, ఎందుకంటే రెండో బండికి కాంట్రాక్టరు అదనంగా డబ్బు అడిగాడు, ఆ డబ్బు ఏ పద్దులోంచి ఇవ్వాలో తేలలేదు. పర్యావరణ దినోత్సవానికి పద్దు ఉంది. చెత్త బండికి లేదు.

ఇక టీ కప్పుల దగ్గరికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నేను అంతవరకు నమ్మిన సూత్రం ఇక్కడే గట్టిగా తడబడింది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాల మీద నిషేధం వచ్చింది. మా పాంట్రీలో అప్పటికే కాగితపు కప్పులే ఉండేవి కాబట్టి మేము నిశ్చింతగా ఉన్నాం. కాగితపు కప్పు పేరుకే కాగితం. వేడి టీకి నానిపోకుండా లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఆ పొర వల్లే అది కాగితంతో కలిపి మళ్లీ వాడుకోవడానికి పనికిరాదు. అలాంటి కప్పులో 100 మి.లీ. వేడి ద్రవం పావుగంట ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులోకి దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో చెప్పారు. ఈ లెక్క చూపించి, సొంత కప్పు తెచ్చుకోమని ఉద్యోగులను బతిమాలాం, తెచ్చుకున్నవారికి పాయింట్లు ఇచ్చాం. బ్రిటన్‌లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం వారు చేసిన అధ్యయనంలో కూడా సొంత కప్పుకు తగ్గింపు ఇస్తే ఫలితం కనిపించలేదు, పారేసే కప్పుకు అదనంగా వసూలు చేస్తే కనిపించింది. మా పాయింట్ల గతీ అంతే అయింది. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేశాక గాజు సీసాలకు ముందుగా కొంత డబ్బు కట్టించుకుని, ఖాళీ సీసా తిరిగిస్తే వెనక్కి ఇచ్చే పద్ధతి పెట్టారు. భక్తుడికి ఉపన్యాసం అక్కర్లేదు, తన డబ్బు కోసం సీసా తనే తెచ్చి ఇస్తాడు. మేము ఇంకో అడుగు వేశాం. కాగితపు కప్పులు పూర్తిగా తీసేసి స్టీలు గ్లాసులు పెట్టాం.

మొదటి చిక్కు, కడగడం. అయిదు వందల గ్లాసులు, రోజుకు రెండు టీలు. పాంట్రీలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ల చేతులు సాయంత్రానికి సబ్బు నీళ్లలో నాని తెల్లబడిపోయేవి. నీళ్లా, వేసవిలో ట్యాంకరు నీళ్లు. చెత్త తగ్గించామని మేము మురుస్తుంటే, ఆ పని మూల్యం చెల్లిస్తున్నది నెల జీతం మా టీ ఖర్చుల పద్దుకన్నా తక్కువ ఉన్న ఇద్దరు. గ్లాసులు కడిగే యంత్రం కొనిపించేదాకా నాకు నిద్ర సరిగా పట్టలేదు. పచ్చదనం పేరుతో చేసే చాలా పనులు ఇలాగే కింది మెట్టు మీద ఉన్నవాడి వీపుకు బరువు ఎక్కిస్తాయి. దాన్ని ఎవరూ లెక్కలో చూపించరు.

రెండో చిక్కును నేను అసలు ఊహించలేదు. కొందరు స్టీలు గ్లాసు ముట్టుకోవడానికి ఇష్టపడలేదు. ఎవరెవరో తాగిన గ్లాసు, ఎంగిలి అన్నారు. పరిశుభ్రత అన్న మాట వెనక ఎంగిలి అన్న మాట ఉందనీ, దాని వెనక ఇంకా పాత మాటలు ఉన్నాయనీ నాకు అర్థమయ్యేలా చెప్పింది టెస్టింగ్ టీమ్‌లో పనిచేసే ఒక మిత్రుడు. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, 'అన్నా, మీరంతా స్టీలు గ్లాసు రోజులు మంచివంటారు. మా ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. మా నాయన గ్లాసు బయట చూరుకు వేలాడేది, తాగాక ఆయనే కడిగి పెట్టాలి. అందరికీ పారేసే కప్పులు వచ్చాకే ఆయన అందరితోపాటు లోపల నిలబడి టీ తాగాడు. మీకది చెత్త, మాకది వట్టి చెత్త కాదు' అన్నాడు. చాలాసేపు నేను మాట్లాడలేకపోయాను. మన పూర్వీకుల అలవాట్లే ప్రకృతికి దగ్గరగా ఉండేవి, మళ్లీ వాటి దగ్గరికే పోవాలి అని వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో తేలిగ్గా అనేస్తాం. అరిటాకు, మట్టి కప్పు, ఇత్తడి చెంబు అని వరుసగా చెబుతాం. ఆ చెంబును ఎవరు ముట్టుకోకూడదో మాత్రం చెప్పం.

ఆ మాట విన్న రెండు రోజులకు పాంట్రీ కుర్రాడు ఒకడు తలుపు దగ్గర నిలబడి, 'సార్, మేం కూడా ఈ గ్లాసుల్లోనే తాగొచ్చా?' అని అడిగాడు. అంతకు ముందు హౌస్‌కీపింగ్ వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు కింద సెల్లార్‌లో ఫ్లాస్కులో టీ పోసుకుని విడిగా తాగేవారు. అలా తాగాలని ఏ కాగితం మీదా రాసి లేదు. అలా జరిగిపోతూ ఉండేది. ఆ రోజు నుంచి గ్లాసులు అందరికీ ఒకటే, టీ దొరికే చోటూ ఒకటే అని లిఖితపూర్వకంగా పెట్టించాం. ఎంగిలి అన్నవారిలో ఇద్దరు ముగ్గురు ఇంటి నుంచి సొంత కప్పులు తెచ్చుకున్నారు. పాయింట్లతో సాధించలేనిది అలా జరిగింది, కానీ దాన్ని విజయంగా చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు.

క్యాంటీన్ సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. 'అన్నం పరబ్రహ్మ స్వరూపం' అన్న బోర్డు కిందే రోజూ డ్రమ్ముల కొద్దీ అన్నం పారబోసేవాళ్లం. కారణం భక్తి లోపం కాదు. వడ్డించేవాడి చేతిలో పెళ్లి భోజనాల్లో వాడే హస్తం, అంటే పెద్ద గరిటె, ఉండేది. ఒక్కసారి ముంచితే రెండు కప్పుల అన్నం, వద్దనేలోపే కంచంలో పడేది. వరుస వెనక నుంచి తోస్తుంటే ఎవరూ వాదించరు. హస్తం మార్చి చిన్న గరిటె ఇచ్చాం, మారు అడిగితే మారు వడ్డించమన్నాం, కొత్త కూర వండిన రోజు రుచి చూడడానికి ఒక చెంచా ముందు ఇమ్మన్నాం. డ్రమ్ముల సంఖ్య తగ్గింది. సోమవారాలు మాత్రం తగ్గలేదు, ఆ రోజు కూర నిజంగానే బాగుండేది కాదు.

ఈ వాదన వినిపించినప్పుడల్లా ఒక అభ్యంతరం ఎదురవుతుంది. మనిషిని మార్చకుండా మీటలు, గరిటెలు మారిస్తే, ఆఫీసు గేటు దాటాక మళ్లీ పాత మనిషే కదా, స్పృహ లోపలి నుంచి రావాలి కదా అంటారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. కానీ ఇందులో ఉద్యోగికి స్పృహ లేదన్న ఊహ ఒకటి దాగి ఉంది, నా అనుభవం దాన్ని ఒప్పుకోదు. మా ఆఫీసులో మీటింగ్ రూమ్ ఏసీ ఆపకుండా వెళ్లిపోయేవాళ్లే ఇంట్లో గది ఖాళీ అయితే ఫ్యాను కట్టేస్తారు, ఎందుకంటే బిల్లు వాళ్లకు వస్తుంది, కట్టకపోతే అమ్మ అరుస్తుంది. వాళ్ల ఇళ్లలో పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, పాత పేపర్లతో కలిపి కిలోల లెక్కన అమ్ముతారు. పాత చీరలు బొంతలవుతాయి. చిరిగిన బనియను మోటారు సైకిలు తుడిచే గుడ్డ అవుతుంది. ఇంత పొదుపు తెలిసిన మనిషిని తెచ్చి, స్విచ్చి ఎక్కడుందో కనిపించని గదిలో, బిల్లు ఎంతో తెలియని భవనంలో, కిటికీ తెరుచుకోని గోడల మధ్య కూర్చోబెట్టి, నీకు స్పృహ లేదంటున్నాం. ఇంటి అలవాటు ఆఫీసులోకి రాకుండా అడ్డుపడుతున్నది ఏదో ముందు చూడాలి. ఆఫీసు అలవాటు ఇంటికి పోతుందా అన్నది ఆ తర్వాతి మాట. మెట్ల తలుపు తాళం తీసిన రోజు నుంచి రెండో అంతస్తు వాళ్లు చాలామంది మెట్లే ఎక్కారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

గ్రీన్ చాంపియన్ పతకాల గురించి, విభాగాల మధ్య పోటీల గురించి కూడా అడుగుతారు. అవి ఒక నెల ఉత్సాహంగా ఉంటాయి. రెండో నెలలో గెలిచినవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండవు.

నిజానికి నేను పైన చెప్పినవన్నీ, ప్రింటర్లు, గ్లాసులు, గరిటెలు, చిన్న లెక్కలే. పెద్ద లెక్క బేస్‌మెంట్‌లో ఉంది. ఉద్యోగులు ఇంటి నుంచి ఆఫీసుకు వచ్చి పోయే ప్రయాణంలో కాలే పెట్రోలు ముందు మా కాగితపు కప్పులు ఏపాటి? మా సంస్థ మూడు అంతస్తుల బేస్‌మెంట్ అద్దెకు తీసుకుంది. పై స్థాయి ఉద్యోగులకు కారు లీజు, పెట్రోలు భత్యం, పేరు రాసిన పార్కింగ్ చోటు ఇచ్చేది. మెట్రోలో వచ్చేవాడికి ఏమీ ఇచ్చేది కాదు. 2019 నవంబరు 29న రాయదుర్గం స్టేషన్ తెరిచాక నాగోలు నుంచి కూడా నేరుగా మా దరిదాపుల దాకా రైలు వచ్చింది. కానీ స్టేషన్ దిగాక మా ఆఫీసు రెండు కిలోమీటర్లు, నడవడానికి ఫుట్‌పాత్ అన్నది అక్కడక్కడా కనిపించి మాయమయ్యే వస్తువు, షేర్ ఆటోల కోసం పొద్దున్నే యుద్ధం. అలాంటి చోట 'ప్రజా రవాణా వాడండి, భూమిని కాపాడండి' అని మేము పంపిన మెయిలును, మెట్రోలో నిలబడి వచ్చి చెమటతో తడిసిన చొక్కాతో కూర్చుని చదివినవాడికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

నేను ఒక ప్రతిపాదన రాశాను. కార్లలో ఒంటరిగా వచ్చేవారి నుంచి పార్కింగ్‌కు నెలకు కొంత తీసుకుని, ఆ డబ్బుతో మెట్రో స్టేషన్ దగ్గర నుంచి ఆఫీసుకు ఒక చిన్న బస్సు నడపాలని, ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చే కార్లకు లిఫ్టు పక్క చోట్లు ఇవ్వాలని. స్టీలు గ్లాసులకు చప్పట్లు కొట్టిన సమావేశం ఈ కాగితం చూసి నిశ్శబ్దమైంది. పార్కింగ్‌కు డబ్బు తీసుకుంటే ఉద్యోగుల మనోభావాలు దెబ్బతింటాయన్నారు ఒకరు. ఆయన కారు సరిగ్గా లిఫ్టు పక్కనే ఉండేది. బస్సుకు బడ్జెట్ పద్దు లేదన్నారు ఇంకొకరు. పార్కింగ్ అద్దె ఏ పద్దులో ఉందని అడిగాను. అది భవనం అద్దెలో కలిసిపోయి ఉందట, విడిగా కనిపించదట. కింది ఉద్యోగి గ్లాసు లెక్క కనబడుతుంది, పై ఉద్యోగి కారు లెక్క అద్దెలో కలిసిపోతుంది. ఉద్యోగులు పర్యావరణ కార్యక్రమాలను ఎందుకు నమ్మరో సర్వేలు పెట్టి తెలుసుకోనక్కర్లేదు.

పార్కింగ్ రుసుము ఎప్పటికీ రాలేదు. బస్సు మాత్రం వచ్చింది, పర్యావరణం కోసం కాదు. ఒక వర్షాకాలంలో నాలుగు రోజులు ఆటోలు దొరక్క పెద్ద క్లయింటు పని ఆగిపోయింది, అయిదో రోజు ఇరవై ఆరు సీట్ల బండి ఒకటి రాయదుర్గం స్టేషన్ మెట్ల కింద నిలబడింది. తాత్కాలికమన్నారు. పొద్దున 8:40కి, 9:10కి, 9:40కి మూడు ట్రిప్పులు. రెండో వారానికి మూడో ట్రిప్పులో జనం నిలబడి వస్తున్నారు. నేను ఉద్యోగం మానేసే ముందు నెలలో ఒకరోజు అదే బండిలో ఎక్కాను. నా పక్క సీట్లో, చేతిలో కారు తాళం చెవి గుత్తి తిప్పుకుంటూ ఒక మేనేజరు కూర్చున్నారు. కారు ఏమైందండీ అని అడిగితే, ఇంట్లోనే ఉంది, ఈ బండి గుమ్మం దాకా తీసుకొస్తుంటే ఆ ట్రాఫిక్‌లో ఎవరు తోలతారు అన్నారు. తాళం చెవి మాత్రం అలవాటుగా జేబులో వేసుకుని వచ్చారట.